దసరా సెలవుల ముందు టీచర్లకు గిఫ్ట్: మీ దగ్గర ఎంత ఇస్తున్నరు?

రామగిరి అమ్మ | నల్లగొండ | రాత్రి 9:12

అందరికీ నమస్తే. మా బాబు నాలుగో తరగతి, పాప యూకేజీ. ఇద్దరూ ఒకటే ప్రైవేటు బడి. దసరా సెలవులు ఇంకో వారంల ఇస్తరు. మొన్న రాత్రి బాబు క్లాసు వాట్సాప్ గ్రూపుల ఒక మేడం మెసేజ్ పెట్టింది. క్లాస్ టీచర్‌కు వెండి కుందులు, మిగతా నలుగురు టీచర్లకు పట్టు చీరలు, పిల్లకు 700 చొప్పున. క్లాసుల 38 మంది ఉన్నరు, అంటే 26,600. ఎంత ఇద్దామని ఎవల్నీ అడగలే, ముందే లెక్క కట్టుకొని వచ్చిండ్రు. తెల్లారేసరికి లిస్టు కూడా వచ్చింది. పిల్లల పేర్లు వరుసగా రాసి, పైసలు కొట్టినోళ్ల పక్కన పచ్చ టిక్కు. మావోని పక్కన ఖాళీ.

పాప క్లాసుల ఇంకా షురూ కాలే గానీ, వీళ్లను చూసి వాళ్లూ చేస్తరు. ఇద్దరికి కలిపి 1,400. మా ఆయన మిర్యాలగూడల రైస్ మిల్లుల చేస్తడు. పండుగకు పిల్లల బట్టలున్నయి, బతుకమ్మకు మా అమ్మగారింటికి పోవాలె. ఆడోళ్లకు ఆర్టీసీ ఫ్రీ గాబట్టి బస్సు కిరాయి ఒక్కటి మిగిలింది.

టీచర్ మాత్రం మంచిది. పోయినేడు ఎక్కాలు రాక ఏడ్చేటోడు, ఇప్పుడు పదమూడో ఎక్కం చూడకుండ చెప్తున్నడు. ఇయ్యాలనే ఉంది. కానీ 700 ఎక్కువ కాదా? ఇయ్యకుంటే పిల్లగాని మీద ఏమన్న చూపిస్తరా? మీ దగ్గర ఎట్ల నడుస్తుందో చెప్పండి.

మెట్టుగడ్డ మామ | మహబూబ్‌నగర్ | రాత్రి 9:20

మా దగ్గర 100. అది కూడా సెప్టెంబర్ 5కు ఒక్కసారే. దసరాకు గిఫ్ట్ ఏందమ్మా, కొత్తగా వింటున్న.

జడ్చర్ల వదిన | రాత్రి 9:31

మామా, మీకు తెల్వదు. ఇప్పుడు టీచర్స్ డే వేరే, దసరా వేరే, న్యూ ఇయర్ వేరే, సంవత్సరం ఆఖర్ల థాంక్యూ గిఫ్ట్ వేరే. మా పాప చదివే మిషనరీ బడిల క్రిస్మస్‌కు కేకు డబ్బాలు. అన్నీ కలిపితే పోయిన సంవత్సరం ఒక నెల వ్యాన్ ఫీజంత అయింది నాకు.

మా గ్రూపుల మాత్రం 200 మించొద్దని మాట్లాడుకున్నం. 700 అంటే నేనైతే అడిగేసేదాన్ని.

దేవరకొండ దుర్గం | రాత్రి 9:38

అడగండి వదినా అంటరు గానీ గ్రూపుల అడిగితే ఏమైతదో తెలుసు కద. "మేడం గారికి ఇబ్బంది ఉంటే పర్వాలేదు, మేం అడ్జస్ట్ చేస్తం" అని పెడతరు. పక్కన రెండు దండం ఎమోజీలు. దాని కన్న 700 ఇచ్చుడే నయం అనిపిస్తది.

బత్తాయి తోట | నల్లగొండ దగ్గర | రాత్రి 9:50

ఆ దండాలకు భయపడే 26 వేలు జమ అవుతున్నయి. ఇది గిఫ్ట్ కాదు, చందా. చందా అయితే రసీదు అడగాలె. కుందులు ఎన్ని తులాలు, ఏ దుకాణం, మజూరీ ఎంత?

రామగిరి అమ్మ | రాత్రి 9:58

అన్నా, ప్రకాశం బజార్ల ఆర్డర్ ఇచ్చిండ్రంట. అంతవరకే తెలుసు.

లెక్కల మేడం కాదు | సూర్యాపేట | రాత్రి 10:05

నేను మా పాప క్లాసుల పైసలు జమ చేసేదాన్ని. అందరూ తిడుతున్నరు గాబట్టి అటువైపు మాట కూడా వినండి.

మా దగ్గర ముందు ఎవరికి తోచింది వాళ్లు ఇచ్చేటోళ్లు. ఒకాయన పెద్ద డ్రైఫ్రూట్ డబ్బా, ఒకామె మిక్సీ. మిక్సీ అండి, అబద్ధం కాదు, ఆటోల దింపించింది. అదే రోజు ఇంకో పిల్ల పది రూపాయల పెన్ను గిఫ్ట్ పేపర్ చుట్టుకొని వచ్చింది. టీచర్ టేబుల్ మీద మిక్సీ డబ్బా పక్కన పెట్టలేక బ్యాగుల దాచుకొని మళ్లీ ఇంటికి తెచ్చింది. వాళ్లమ్మ ఫోన్ చేసి చెప్తే నాకు కడుపుల దేవినట్టయింది. అందుకే అందరం కలిసి ఒక్కటే ఇద్దామని నేనే మొదలు పెట్టిన.

ఇగ లిస్టు సంగతి. లిస్టు పెట్టకుంటే "ఆ మేడం, పంపిస్త" అంటరు, పంపరు. సామాను తెచ్చినంక నా జేబులకెంచి పోతయి. టిక్కు పెట్టుడు సరదా కాదు.

బత్తాయి తోట | రాత్రి 10:11

అక్కా, కలిపి ఇచ్చుడు తప్పని ఎవరన్నరు? పది రూపాయల పెన్ను పిల్లను కాపాడనీకి మొదలు పెట్టిన పద్ధతిల అదే పిల్ల పేరు పక్కన ఇప్పుడు ఖాళీ డబ్బా కనపడుతుంది. ముందు క్లాసుల కనపడేది, ఇప్పుడు వాట్సాప్‌ల.

లెక్కల మేడం కాదు | రాత్రి 10:14

అది నిజమే. పర్సనల్‌గా మెసేజ్ పెట్టొచ్చు. 38 మందికి విడివిడిగా పెట్టే ఓపిక మీకుంటే రండి, వచ్చే సారి మీకే అప్పజెప్తం.

చాక్‌పీస్ | పాలమూరు | రాత్రి 10:40

నేను టీచర్‌ని. ప్రైవేటు బడి, రెండో తరగతి. ఇక్కడ రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించిన. పేరు లేదు గాబట్టి రాస్తున్న.

మొదటిది, రామగిరి అమ్మ గారికి. గిఫ్ట్ ఇయ్యని పిల్లలెవరో మాకు గుర్తుండదు. నోట్‌బుక్కులు దిద్దుడు, డైరీలు రాసుడు, అడ్మిషన్లకు ఇంటింటికి తిరుగుడు, వీటిల ఏ పేరెంట్ ఏమిచ్చిండో ఎవరికి యాదుంటది? అట్ల చూపించే టీచర్లు అసలే లేరని నేను ఒట్టు పెట్టను. కానీ అట్లాంటి మనిషి 700కు మారదు, వచ్చే సారి 1,500 అనుకుంటది.

రెండోది, మా ఇంట్ల ఉన్నవి చెప్త. ఫొటో కప్పులు, "బెస్ట్ టీచర్" అని రాసిన గోడ గడియారాలు, ప్లాస్టిక్ పూల కుండీలు, ఒక గాజు తాజ్‌మహల్. చీరలైతే హోల్‌సేల్ల తెస్తరు, స్టాఫందరికీ ఒకటే డిజైన్, రంగు మాత్రం వేరే. కట్టుకోకుంటే పేరెంట్స్ మీటింగ్ల "టీచర్, మా చీర కట్టలే?" అని అడుగుతరు. అందుకని ఒక మీటింగుకు ఒక క్లాసు వాళ్ల చీర కట్టి, ఇంకో మీటింగుకు ఇంకోటి కట్టి బ్యాలెన్స్ చేస్తం. నవ్వకండి, స్టాఫ్ రూముల దీనికి లిస్టు ఉంటది మాకు కూడా.

మూడోది, ఇదే అసలు మాట. నాకు నెలకు 11,500. ఏప్రిల్ సగం జీతం, మేలో లేదు. కరోనాల బడులు మూసినప్పుడు 2021ల సర్కారు ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. రేషన్ దుకాణం ముందర నేను సంచి పట్టుకొని నిలబడితే నా క్లాసు పిల్లగాడు "టీచర్!" అని ఉరికొచ్చిండు. మీ టీచర్ కూడా అట్ల నిలబడ్డదేమో మీకు తెల్వదు. అట్లాంటి మనిషికి వెండి కుందులు ఇస్తే కుదువ పెట్టుకోనీకి పనికొస్తయి, అంతే.

అట్లని పైసలు ఇయ్యమంటలేను. కవర్ చేతిల పెడితే తీసుకోనీకి చెయ్యి రాదు. తీసుకున్నంక ఆ పిల్లగాన్ని కోపం చేయనీకి నోరు రాదు.

జడ్చర్ల వదిన | రాత్రి 10:52

టీచర్, మరి మీకు నచ్చిన గిఫ్ట్ ఏదన్న ఉందా? కోపం వద్దు, నిజంగనే అడుగుతున్న.

చాక్‌పీస్ | రాత్రి 11:03

కోపం ఎందుకక్కా. ఇదే నెలల ఒక పోరడు సంచినిండ సీతాఫలాలు తెచ్చిండు. బాలానగర్ దిక్కు వాళ్ల పొలం గట్టు మీదివి. సగం కాయలు, సగం పండ్లు. కాయలను బియ్యం డబ్బాల పెట్టుమని, రోజూ పొద్దున ఒత్తి చూడుమని నాకు క్లాస్ చెప్పిండు. ఆ రోజంతా వాడు టీచర్, నేను స్టూడెంట్.

ఇంకొకటి, ఒకమ్మ ప్రిన్సిపాల్ సార్‌కు చీటీ రాసి పంపింది. మా బిడ్డ చదువుడు మొదలు పెట్టింది ఈ టీచర్ వల్లనే అని. సార్ దాన్ని మీటింగుల చదివిండు. ఆ ఏడాది నా ఇంక్రిమెంట్ ఆగలే.

మెట్టుగడ్డ మామ | రాత్రి 11:07

బాలానగర్ సీతాఫలం అంటే దేశమంత పేరున్న రకం. సర్కారు నర్సరీలల్ల కూడా ఆ పేరుతోనే అంటు మొక్కలు ఇస్తరు. మన ఊరోళ్లం మాత్రం హైవే మీద తట్టల పెట్టుకొని అమ్ముకుంటం. టాపిక్ తప్పిన, మన్నించాలె.

బోస్టన్‌లో సూర్యాపేట | మసాచుసెట్స్ | రాత్రి 11:30

ఇక్కడ ఇదే గొడవ డిసెంబర్‌ల జరుగుతది. క్రిస్మస్ సెలవులకు బడి మూసే ముందు వారం ప్రతి క్లాసుల ఒక అమ్మ మెయిల్ పెడుతుంది, టీచర్‌కు గిఫ్ట్ కార్డు కొందాం, వీలైనంత ఇయ్యండి అని. మేం వచ్చిన కొత్తల ఎంత ఇయ్యాల్నో తెల్వక పక్కింటి గుజరాతీ ఆవిడను అడిగి ఆమె ఇచ్చినంత ఇచ్చినం.

కానీ ఒక సంగతి మీకు పనికొస్తదేమో. ఈ రాష్ట్రంల సర్కారు బడి టీచర్ అంటే ప్రభుత్వ ఉద్యోగి, ఆ లెక్కన ఒక పేరెంట్ దగ్గర 50 డాలర్లు, అంతకు మించిన విలువున్నది తీసుకోవద్దు. క్లాసంత కలిసి ఇస్తే ఏడాదికి 150 డాలర్ల దాకా పర్వాలేదు. దానికి షరతు ఉంది. గిఫ్ట్ "క్లాసు తరఫున" అనే ఇయ్యాలె. ఎవరిచ్చిండ్రు, ఎవరియ్యలే, ఎవరెంత ఇచ్చిండ్రు, ఇవేవీ టీచర్‌కు తెలియొద్దు. మా దగ్గర కార్డు మీద ఇయ్యనోళ్ల పిల్లలతో సహా అందరూ సంతకం పెడతరు.

రామగిరి అమ్మ గారు, మీ గ్రూపుల టీచర్ కూడా ఉన్నరా?

రామగిరి అమ్మ | రాత్రి 11:36

ఉన్నది అన్నా. క్లాస్ టీచరే గ్రూపుల అడ్మిన్. హోంవర్క్ పెట్టేది అండ్లనే.

దేవరకొండ దుర్గం | రాత్రి 11:38

అంటే ఆమెకిచ్చే కుందుల లిస్టు ఆమె ముందే పెట్టిండ్రా! పాపం ఆ టీచర్ ఏమనాలె? చూసి చూడనట్టు ఉండాలె, పొద్దున మళ్లీ ఎక్కాలు పేజీ ఫొటో పెట్టాలె.

చాక్‌పీస్ | రాత్రి 11:45

ఇది మాకు అయింది. వద్దని గ్రూపుల రాస్తే "టీచర్ ఎంత మంచివారో" అని ఇంకో వంద పెంచిండ్రు.

హెచ్చెం సార్ | నారాయణపేట వైపు | ఉదయం 6:10

పొద్దున్నే చూసిన. నేను జిల్లా పరిషత్ హైస్కూల్ ప్రధానోపాధ్యాయున్ని. మా బడి సంగతి వేరు. మా పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు దసరాకు వచ్చి పండుగ చేసుకొని ముంబై, పుణె పనులకు పోతరు. పిల్లలు నాయనమ్మ దగ్గర, అమ్మమ్మ దగ్గర ఉంటరు. అక్కడ 700 అంటే రెండు రోజుల కూలీ.

ఒక ముసలమ్మ మనవణ్ని ఏడో తరగతిల వేయనీకి వచ్చింది. టీసీ లేదు, ఆధార్ల పేరు ఒక తీరు, బడిల ఒక తీరు. అదంతా సరి చేసి చేర్చుకున్నం. మా డ్యూటీ అది. పంట వచ్చినంక ఆమె తువ్వాల కొంగుల పచ్చి పల్లికాయలు కట్టుకొని వచ్చింది, మట్టి కూడా పోలేదు. నిబంధనల ప్రకారం పని చేసిపెట్టినందుకు ఏదీ తీసుకోవద్దు. కానీ ఆమెకు పల్లికాయలు వాపస్ ఇచ్చేంత ధైర్యం నాకు లేదు. మధ్యాహ్న భోజనం వండే ఆమెకిచ్చి ఉడికించమన్నం. ఏడో తరగతి మొత్తం తిన్నది. మనవడు వడ్డించిండు.

పైసలు తెస్తే మాత్రం ఒక్కటే మాట చెప్తం. బడికి ఏదన్న కొనియ్యండి, బడి పేరు మీద స్టాక్ రిజిస్టర్ల రాస్తం. అట్ల మాకు రెండు ఫ్యాన్లు, ఒక క్యారంబోర్డు వచ్చినయి.

నియమావళి | నల్లగొండ | ఉదయం 7:25

చట్టం సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. మా పిల్లలు కేంద్రీయ విద్యాలయంలో చదువుతున్నారు, అందుకే ఈ నిబంధన చదవాల్సి వచ్చింది.

కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి 1964 నాటిది. అందులో 13వ నియమం బహుమతుల గురించి. పెళ్లిళ్లకు, పండగలకు దగ్గరి బంధువులు, స్నేహితులు ఇచ్చేవాటికి కొంత వెసులుబాటు ఉంది. కానీ ఆ స్నేహితులకు ఆ ఉద్యోగితో అధికారిక పని ఉండకూడదు. పేరెంట్‌కు టీచర్‌తో ఉన్నదే ఆ పని. మిగతా ఎవరి దగ్గరైనా గ్రూప్ ఏ, బీ ఉద్యోగులైతే 5,000, గ్రూప్ సీ అయితే 2,000 దాటినవి అనుమతి లేకుండా తీసుకోకూడదు. 2019కి ముందు ఇవి 1,500, 500 ఉండేవి. ఇది ఇవ్వడానికి కొలత కాదు, తీసుకునేవారికి ఆఖరి హద్దు. రాష్ట్ర ఉద్యోగులకు వేరే నియమావళి ఉంది.

ప్రభుత్వ టీచర్‌కు ఏదైనా పని కోసం ఇస్తే అది గిఫ్ట్ కిందికి రాదు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవారూ దోషులే. ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064.

బత్తాయి తోట | ఉదయం 7:33

ప్రైవేటు బడికి ఏముంది సార్? విద్యాహక్కు చట్టం వస్తదా?

నియమావళి | ఉదయం 7:48

2009 చట్టం 13వ సెక్షన్ ప్రకారం బడి ప్రకటించిన ఫీజు కాకుండా చేర్చుకునేటప్పుడు విరాళం పేరుతో వసూలు చేస్తే, తీసుకున్నదానికి పది రెట్ల దాకా జరిమానా. కానీ అది అడ్మిషన్ సంగతి, బడి చేసే వసూలు సంగతి. పేరెంట్స్ తమలో తాము జమ చేసుకుంటే ఈ సెక్షన్ రాదు. కాబట్టి రామగిరి అమ్మ గారికి చట్టం సాయం చేయదు. ఆమె నోరే సాయం చేయాలి.

కోదాడ క్రాస్ రోడ్ | ఉదయం 8:15

మా అమ్మమ్మది జగ్గయ్యపేట. వాళ్ల చిన్నప్పుడు దసరాకు పంతులు పిల్లల్ని వెంటబెట్టుకొని ఇంటింటికీ తిరిగేవారట. పిల్లల చేతుల్లో రంగు కాగితాల విల్లులు, పూలు, బుక్కా. పద్యాలు పాడితే ఇంటివాళ్లు పంతులికి డబ్బులు, పిల్లలకు పప్పుబెల్లాలు. జీతం సరిగ్గా లేని పంతులికి ఏడాదికోసారి అదే ఆధారం. అంటే మెట్టుగడ్డ మామా, దసరాకు టీచర్‌కు ఇచ్చుడు కొత్తదేం కాదు.

తేడా ఏందంటే, ఆ పంతులు ఊరంతా తిరిగేది. ఇచ్చేటోడు షావుకారైతే ఎక్కువ ఇస్తడు, కూలోడైతే పప్పు పెడతడు, పిల్లలందరూ ఒకటే గుంపుల ఉంటరు.

మెట్టుగడ్డ మామ | ఉదయం 8:22

మంచిగ చెప్పినవ్ తమ్మీ. మా దిక్కు జమ్మి. దసరా పొద్దుమూకి జమ్మి చెట్టు దగ్గరికి పోయి ఆకు తెచ్చి, బంగారం అని పెద్దల చేతుల పెట్టి కాళ్లు మొక్కుడు. మా సార్ ఇంటి ముందర లైన్ ఉండేది. రూపాయి ఖర్చు లేదు. ఉల్టా సారే మాకు చాక్లెట్లు ఇచ్చేటోడు.

జడ్చర్ల వదిన | ఉదయం 8:30

ఇప్పుడు ఏ సార్ ఊర్లుంటడు మామా? మా క్లాస్ టీచర్ది వనపర్తి, సెలవులియ్యంగనే బస్సెక్కుతది. మేం మా అత్తగారి ఊరు. జమ్మి ఆకు వాట్సాప్‌ల స్టిక్కర్ పంపాలె ఇగ.

చిట్యాల వ్యాన్ | ఉదయం 9:02

నేను స్కూల్ వ్యాన్ నడుపుత. ఒక మాట. టీచర్లకు ఇస్తున్నరు, మంచిదే. నర్సరీ పిల్లలను కడిగి, వాంతులు తుడిచి, లంగా నాడా కట్టే ఆయమ్మకు ఏ గ్రూపుల లిస్టు పెట్టిండ్రు? మా వ్యాన్ల వచ్చే ఆయమ్మకు నెలకు ఆరు వేలు. పిల్లలు "ఆయమ్మా, ఆయమ్మా" అని ఆమె కొంగే పట్టుకుంటరు.

రామగిరి అమ్మ | ఉదయం 9:20

అన్నా, మీరు చెప్పినంక గుర్తుకొచ్చింది. మా పాప బడికి పోయేది టీచర్ కోసం కాదు, ఆయమ్మ కోసమే. నాకు ఆ ఆలోచనే రాలే.

సరే, ఇప్పుడు గ్రూపుల ఏం రాయాల్నో ఎవరన్న చెప్పండి. నాకు మంచిగ రాయొస్తలేదు. ఇట్ల రాసిన: "అందరికీ నమస్తే. 700 మాకు ఎక్కువైతుంది. దయచేసి తగ్గించగలరు."

లెక్కల మేడం కాదు | ఉదయం 9:26

"మాకు ఎక్కువైతుంది" అని రాస్తే మీ ఒక్కళ్లదే అయితది. దండాలు వస్తయి. "కొంతమందికి ఇద్దరు ముగ్గురు పిల్లలున్నరు" అని రాయండి. జమ చేస్తున్న మేడంకు ముందు థాంక్స్ చెప్పండి, నిజంగనే తిరిగేది ఆమెనే కద. నా బాధ నాకు తెలుసు.

బోస్టన్‌లో సూర్యాపేట | ఉదయం 9:31

అన్నిటికన్న ముందు టీచర్ లేని వేరే గ్రూపు పెట్టుమనండి. పేర్లు, టిక్కులు తీసేయమనండి. మొత్తం ఎంత జమ అయితే దాంతోనే కొందామనండి. తలకింత అని వద్దు.

చాక్‌పీస్ | ఉదయం 9:34

"చీరలు" అన్న మాట తీసేయించండి ప్లీజ్. బీరువల జాగ లేదు.

దేవరకొండ దుర్గం | ఉదయం 9:35

చీరే ఇయ్యాల్నంటే అందరికీ మెరిసే పాలిస్టర్ పట్టు కన్న ఒకరికి మంచి నారాయణపేట కాటన్ నయం. ఎండాకాలం క్లాసుల నిలబడి చెప్పేటోళ్లకు చెమట పీలుస్తది. నేతగాళ్లకు కూడా పండుగ పూట బేరం.

రామగిరి అమ్మ | ఉదయం 9:55

ఇది చూడండి:

"నమస్తే. మన పిల్లల కోసం టీచర్లకు ఏదైనా ఇద్దామని ముందుకొచ్చి తిరుగుతున్న మేడంకు థాంక్స్. కొందరికి ఇద్దరు పిల్లలు, పండుగ ఖర్చులున్నయి. ఒక్కొక్కరికి ఇంత అని కాకుండా ఎవరికి వీలైనంత వాళ్లు మేడంకు పర్సనల్‌గా పంపుదాం. జమ అయిన దాంట్లనే కొందాం. లిస్టు తీసేస్తే బాగుంటది. మన ఫ్లోర్ ఆయమ్మను కూడా కలుపుకుందాం. పిల్లలందరితోని ఒక పెద్ద కార్డు చేపిద్దాం, అందరి పేర్లుంటయి."

సరిపోతదా? చేతులు వణుకుతున్నయి.

బత్తాయి తోట | ఉదయం 9:57

పంపమ్మా. రెండు దండాలు వస్తే మేమున్నం.

రామగిరి అమ్మ | సాయంత్రం 5:40

పొద్దున పంపిన. గంట దాకా ఎవరూ ఏం అనలే. బ్లూ టిక్కులు మాత్రం పెరుగుతున్నయి. తర్వాత ఒకాయన "గుడ్ సజెషన్" అన్నడు. ఇగ వరుసగా పదకొండు మంది అదే రాసిండ్రు. పొద్దటి దాకా వీళ్లందరి పక్కన పచ్చ టిక్కు ఉంది మరి!

మేడం ఫోన్ చేసింది. కొంచెం కోపంగనే. కుందులకు 5,000 అడ్వాన్స్ ఇచ్చిందంట, వాపస్ రావంట. గ్రూపుల కాకుండ తనకు చెప్పొచ్చు కద అన్నది. అది కూడా నిజమే, కానీ లిస్టు పెట్టింది గ్రూపులనే కద అని నేనన్న. ఆఖరికి కుందులు చిన్న సైజువి తీసుకుంటరు, క్లాస్ టీచర్‌కు. చీరలు లేవు, మిగతా టీచర్లకు మిఠాయి డబ్బాలు. ఆయమ్మకు నగదు కవర్ల. లిస్టు డిలీట్ చేసిండ్రు. టీచర్ లేని గ్రూపు మాత్రం పెట్టలే, "ఇప్పుడెందుకు లెండి" అన్నరు. ఎక్కువ కొట్టినోళ్లకు వాపస్ ఇస్తరా అని ఒకాయన అడిగితే జవాబు లేదు.

నేను 300 పంపిన.

లెక్కల మేడం కాదు | సాయంత్రం 5:52

ఆ మేడంకు అడ్వాన్స్ సంగతిల ఎవరన్న తోడుండండి. ఆమె సొంత పైసలు పోతే వచ్చే ఏడాది ఎవరూ ముందుకు రారు.

చాక్‌పీస్ | సాయంత్రం 6:20

ఇంకొక పని. 26 వేలు గిఫ్టుకు పోగేయగలిగే క్లాసు, పేరెంట్స్ మీటింగ్ల మేనేజ్‌మెంట్‌ను ఒక్క మాట అడగొచ్చు, "మా టీచర్లకు మే జీతం ఇస్తున్నరా?" అని. మేం అడిగితే ఉద్యోగం పోతది. మీరడిగితే మిమ్మల్ని టీసీ తీసుకపొమ్మని అనలేరు.

జడ్చర్ల వదిన | సాయంత్రం 6:31

అడుగుతం టీచర్. మా మీటింగ్ సెలవుల తర్వాత శనివారం ఉంది. ఒక్కదాన్నే అడిగితే వినరు, నలుగురిని వెంటబెట్టుకొని పోత.

గద్వాల కోట | సాయంత్రం 7:05

ఆలస్యంగా వచ్చిన. నా సమస్య వేరే. మా పాప టెన్త్. క్లాసుల లెక్కలు చెప్పే సారే సాయంత్రం ఇంట్ల ట్యూషన్ చెప్తడు. ట్యూషన్ ఫీజు ఇస్తున్నం, ఇప్పుడు పండుగకు సార్‌కు ఉంగరం అంటున్నరు ట్యూషన్ బ్యాచ్ వాళ్లు. తలకు 1,000. దీనికి ఏం చెప్తరు?

నియమావళి | సాయంత్రం 7:18

బడి టీచర్లు ట్యూషన్ చెప్పడం విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ఒప్పుకోదు, కానీ ఆ చట్టం ప్రధానంగా ఎనిమిదో తరగతి దాకా చదువు గురించి. ఉంగరం సంగతి తర్వాత చూద్దాం. సార్ ప్రభుత్వ బడిలో చేస్తారా, ప్రైవేటా? బ్యాచ్‌లో ఎంతమంది ఉన్నారు?